16 ఏళ్లకు తొలి కొలువు: పిల్లలు పార్ట్‌టైమ్ పనికి వెళ్తే చట్టం ఏం చెబుతోంది?

రాయ్‌పూర్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. తాతగారు రైల్వేలో చేరి విజయనగరం వైపు నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. తండ్రిది ప్రైవేటు ఉద్యోగం. అబ్బాయికి 16 ఏళ్లు. మార్చిలో పదో తరగతి బోర్డు పరీక్షలు రాశాడు. జూన్ మధ్యలో బడులు తెరిచేదాకా ఖాళీ. పండ్రీ బట్టల మార్కెట్లో తెలిసిన దుకాణదారు ఒకరు, ‘సాయంత్రాలు వచ్చి కౌంటర్‌లో సాయం చెయ్యి, నెలకు ఇంత ఇస్తా’ అన్నారు. అబ్బాయికి ఉత్సాహంగా ఉంది. సొంత డబ్బుతో ఫోన్ కొనుక్కోవచ్చని అతని ఆలోచన. నాలుగు మాటలు నేర్చుకుంటాడు, వెళ్లనిద్దామని తల్లి అంటోంది. బాల కార్మికుల చట్టం కింద ఏదైనా గొడవ వస్తుందేమోనని తండ్రి భయం. డబ్బు రుచి మరిగితే చదువు అటకెక్కుతుందని నాయనమ్మ గొణుగుడు.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణే. కానీ ఈ సంభాషణ రాయ్‌పూర్‌లోనే కాదు, విజయవాడలో, వరంగల్‌లో, హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో జరుగుతూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే ఆ ఇంట్లో నలుగురు చెప్పిందాంట్లోనూ కొంత నిజముంది. 16 ఏళ్ల పిల్లలు పని చేయడం మన దేశంలో నేరం కాదు. అయితే చట్టం అనుమతించే పనివేళలకూ, చదువుకునే పిల్లలకు దొరికే ఖాళీ సమయానికీ పొంతన కుదరదు. తొలి కొలువు విషయంలో తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

వయసు దగ్గర రెండు గీతలు

బాల కార్మిక నిషేధ, నియంత్రణ చట్టం 1986లో వచ్చింది. 2016లో దాన్ని గణనీయంగా సవరించారు. సవరణ తర్వాత వయసును బట్టి రెండు గీతలు ఏర్పడ్డాయి. 14 ఏళ్లు నిండనివారు ‘పిల్లలు’. వీరిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నిండి 18 నిండనివారు ‘కౌమారులు’. వీరిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. మిగతా పనుల్లో కొన్ని షరతులతో పెట్టుకోవచ్చు.

14 లోపు పిల్లల విషయంలో రెండు మినహాయింపులున్నాయి. ఒకటి సినిమా, టీవీ, ప్రకటనల వంటి రంగాల్లో బాల నటులుగా పనిచేయడం. రెండోది బడి వేళలు ముగిశాక గానీ సెలవుల్లో గానీ సొంత కుటుంబానికి, కుటుంబ వ్యాపారానికి సాయపడటం. 2017 నిబంధనలు ఈ రెండో మినహాయింపుకు హద్దులు పెట్టాయి. బడి వేళల్లో, రాత్రి 7 నుంచి ఉదయం 8 మధ్య సాయం చేయించకూడదు. విశ్రాంతి సమయం పోను రోజుకు 3 గంటలకు మించకూడదు. పిల్లవాడు చెప్పాపెట్టకుండా వరుసగా 30 రోజులు బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి తెలియజేయాలి. అంటే నాన్న కిరాణా కొట్టులో కూర్చోవడం వేరు, పక్కింటాయన కొట్టులో కూర్చోవడం వేరు. ఈ మినహాయింపు చాటున ఇంటి పరిశ్రమల్లో పిల్లల శ్రమ దాగిపోతుందని బాలల హక్కుల కోసం పనిచేసేవారు అప్పుడే విమర్శించారు.

మన ఉదాహరణలోని అబ్బాయికి 16 ఏళ్లు కాబట్టి అతను రెండో గీత దగ్గర ఉన్నాడు. తండ్రి భయం సగమే నిజం. బట్టల కొట్టులో పని అతనికి నిషిద్ధం కాదు. కానీ ‘సాయంత్రాలు’ అన్న మాట దగ్గర చిక్కుంది.

గడియారం చెప్పే లెక్క

కౌమారుల పనివేళలను చట్టంలోని ఏడో సెక్షన్ నిర్దేశిస్తుంది. సారాంశం ఇది. సాయంత్రం 7 నుంచి ఉదయం 8 దాకా వారితో పని చేయించకూడదు. ఏకబిగిన 3 గంటలకు మించి చేయించకూడదు. ఆ తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామాన్ని, పని కోసం ఎదురుచూసే సమయాన్ని కూడా కలుపుకొని మొత్తం రోజుకు 6 గంటలు దాటకూడదు. ఓవర్‌టైమ్ కుదరదు. ఒకే రోజు రెండు చోట్ల పనిచేయడం కుదరదు. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఉండాలి.

ఈ లెక్కను విద్యార్థి దినచర్య మీద పెట్టి చూడండి. బడి సాయంత్రం 4కు వదిలితే ఇంటికొచ్చి, ఏదో తిని, దుకాణానికి చేరేసరికి నాలుగున్నర. 7 గంటలకు బయటపడాలి. దొరికేది రెండున్నర గంటలు. దుకాణాలకైనా, హోటళ్లకైనా, మాల్‌లకైనా అసలు రద్దీ మొదలయ్యేది దాదాపు అప్పుడే. యజమానికి మనిషి కావలసిన వేళకు పిల్లవాడు ఇంటికి వెళ్లిపోవాలి. పిల్లవాడిని పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకునే వేళకు అతను తరగతి గదిలో ఉంటాడు.

పొద్దున్నే వార్తాపత్రికలు వేసే పని కూడా ఈ గీత దాటలేదు. ఏపీజే అబ్దుల్ కలాం చిన్నప్పుడు రామేశ్వరంలో పత్రికలు పంచిన సంగతి మన పిల్లలందరికీ పాఠంగా చెబుతాం. ఇవాళ ఒక ఏజెన్సీ 16 ఏళ్ల విద్యార్థిని తెల్లవారుజామున 5 గంటలకు ఆ పనికి పెట్టుకుంటే, 8 గంటలకు ముందు పని కాబట్టి అది ఉల్లంఘనే. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్, డిగ్రీ విద్యార్థులు పెళ్లిళ్ల సీజన్‌లో కేటరింగ్ వడ్డనకు వెళ్లడం మామూలే. రాత్రి విందులు ముగిసి, పాత్రలు సర్ది, చేతికి నగదు అందేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. అలా వెళ్లిన విద్యార్థికి 18 నిండకపోతే అతన్ని తీసుకెళ్లిన కాంట్రాక్టరు చట్టం దాటినట్టే.

రాయ్‌పూర్‌లో దీనికి మరో కోణం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2025 ఫిబ్రవరి 13 నుంచి కొత్త దుకాణాలు, సంస్థల చట్టం అమల్లోకి వచ్చింది. 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తించే ఈ చట్టం దుకాణాలను వారంలో అన్ని రోజులూ, 24 గంటలూ తెరిచి ఉంచుకోవడానికి వీలిచ్చింది. దుకాణం రాత్రంతా తెరిచి ఉండొచ్చు గానీ అందులో పనిచేసే 16 ఏళ్ల పిల్లవాడి గడియారం మాత్రం 7 గంటలకే ఆగుతుంది. ఎందుకంటే కౌమారుల పనివేళలు కేంద్ర చట్టం నిర్ణయించినవి. ‘మా షాపుకు రాత్రి పర్మిషన్ ఉంది’ అని యజమాని చెబితే, అది షాపుకు ఉన్న పర్మిషన్ అని గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి చదువుకుంటున్న కౌమారులకు ఒక సంస్థలో చట్టబద్ధంగా దొరికే పని మూడు చోట్లే ఇముడుతుంది. సాయంత్రం రెండు మూడు గంటలు, ఆదివారాలు, వేసవి సెలవులు. మన అబ్బాయి సెలవుల్లో ఉన్నాడు కాబట్టి దుకాణదారుతో మాట్లాడి సాయంత్రాలకు బదులు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం విరామంతో సాయంత్రం 5 దాకా కుదుర్చుకుంటే లెక్క సరిపోతుంది.

ఏ పనికి వెళ్లకూడదు?

గనులు, మండే పదార్థాలు, పేలుడు పదార్థాలు, ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమని చెప్పిన ప్రక్రియలు 18 నిండేదాకా పూర్తిగా నిషిద్ధం. రాయ్‌పూర్ పిల్లల విషయంలో ఇది పుస్తకాల్లోని మాట కాదు. నగర శివార్లలోని ఉర్లా, సిల్తారా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ యూనిట్లు, రోలింగ్ మిల్లులు ఉన్నాయి. ఇనుము, ఉక్కు తయారీ ప్రమాదకర ప్రక్రియల జాబితాలో ఉంది. ‘కొలిమి దగ్గరకు పంపం, లోడింగ్ లెక్కలు రాస్తే చాలు’ అన్నా అలాంటి చోటికి 16 ఏళ్ల పిల్లల్ని పంపకపోవడమే మంచిది. దీపావళి ముందు పది రోజులు బాణసంచా దుకాణంలో కూర్చోబెట్టడం చాలామందికి సరదాగా కనిపిస్తుంది. అదీ కౌమారులకు పనికిరాదు.

నిషిద్ధమైన పనిలో కౌమారుల్ని పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు గానీ, 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పనివేళల వంటి ఇతర నిబంధనలు ఉల్లంఘిస్తే నెల దాకా సాధారణ జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

డెలివరీ పని గురించి కుర్రాళ్లు ఎక్కువగా అడుగుతుంటారు. పెద్ద డెలివరీ యాప్‌లు 18 నిండనివారిని చేర్చుకోవు. అయినా అన్న పేరుతో, బాబాయి పేరుతో ఉన్న ఖాతా మీద బండి తిప్పే పిల్లలు ఉంటారు. ఇక్కడ దెబ్బ తల్లిదండ్రులకు తగులుతుంది. 16 ఏళ్లకు లైసెన్స్ దొరికేది 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే. మిగతా వాటికి 18 నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పైగా వేరేవారి ఖాతా మీద తిరిగేటప్పుడు ప్రమాదం జరిగితే కంపెనీ బీమా అడిగే దారి కూడా మూసుకుపోయే అవకాశం ఉంది.

మరి పిల్లలకు సరిపడే పనులేవి? చుట్టుపక్కల చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పడం, సంగీతమో నాట్యమో వస్తే నేర్పడం, పుస్తకాల దుకాణంలో పగటిపూట సాయం, టైపింగ్, డిజైన్ వంటి పనులు. ఇంట్లో కూర్చుని ట్యూషన్ చెప్పడం ఒక సంస్థలో కొలువు కాదు. పిల్లలు తమ నైపుణ్యంతో సొంతంగా సంపాదించుకోవడమే. రాయ్‌పూర్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఇందులో ఒక అదనపు బలం ఉంది. హిందీ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ మాట్లాడగలరు. ఆ మూడు భాషల పిల్లవాడి అవసరం ఉన్నచోటు వెతుక్కోవడం, ఎవరైనా చేయగల బరువులు మోయడం కన్నా మేలు.

జీతం ఎంత, ఎప్పుడు, ఎలా?

2025 నవంబరు 21 నుంచి దేశంలో 4 కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. వాటిలో 2019 నాటి వేతన స్మృతి కనీస వేతనాన్ని అన్ని రంగాల ఉద్యోగులకూ వర్తింపజేసింది. కనీస వేతనాన్ని గంటకు, రోజుకు, నెలకు లెక్కగట్టి నిర్ణయించే వీలు అందులో ఉంది. బాల కార్మిక చట్టం ఈ స్మృతుల్లో కలిసిపోలేదు. అది విడిగానే కొనసాగుతోంది. అందువల్ల పనివేళలకు ఆ చట్టాన్ని, జీతానికి ఈ స్మృతిని చూడాలి.

కనీస వేతనం రేట్లు రాష్ట్రాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి, పని నైపుణ్యాన్ని బట్టి మారతాయి. కరవు భత్యం కలిసి ఎప్పటికప్పుడు పెరుగుతుంటాయి. కాబట్టి చేరే ముందు ఛత్తీస్‌గఢ్ కార్మిక శాఖ తాజా పట్టిక చూసుకోవాలి. లెక్క కష్టమేమీ కాదు. నైపుణ్యం అక్కర్లేని పనికి ఉన్న నెల వేతనాన్ని 26తో భాగిస్తే రోజు కూలి వస్తుంది. దాన్ని 8తో భాగిస్తే గంటకు ఎంతో తెలుస్తుంది. మీ పిల్లవాడు రోజుకు 3 గంటలు, నెలకు 26 రోజులు పనిచేస్తే అవి 78 గంటలు. యజమాని ఇస్తానన్న మొత్తాన్ని ఈ లెక్కతో పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ‘నేర్చుకునే కుర్రాడేగా’ అన్న మాట వేతనం తగ్గించడానికి కారణం కాదు.

నెల జీతమైతే మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. జరిమానా వేయాలంటే ఏ తప్పుకు వేస్తారో ముందే ప్రకటించి ఉండాలి. అది ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. 15 ఏళ్ల లోపు వారికి అసలు వేయకూడదు. గాజు గ్లాసు పగిలిందని వారం జీతం కోసేసే అలవాటుకు చట్టంలో చోటు లేదు.

జీతం ఎగ్గొట్టేవారు తెలుసుకోవలసిన మరో చట్టం ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. పనిలో పెట్టుకున్న పిల్లల్ని వెట్టిలో ఉంచినా, వారి సంపాదన ఆపివేసినా, దాన్ని తన సొంతానికి వాడుకున్నా 5 ఏళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. ‘పిల్లవాడు కదా, ఏం చేస్తాడు’ అనుకునే యజమానికి ఈ ఒక్క సంగతి మర్యాదగా గుర్తుచేస్తే చాలాసార్లు సరిపోతుంది.

జీతం బ్యాంకులో పడటం మంచిది. నగదు చేతికిస్తే ఎంత ఇచ్చారన్నదానికి ఆధారం మిగలదు. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 10 ఏళ్లు నిండిన మైనర్లు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. ఎంత మొత్తం దాకా అన్న పరిమితిని బ్యాంకు నిర్ణయిస్తుంది. పన్ను గురించి కూడా ఒక సందేహం వస్తుంటుంది. మామూలుగా మైనరు ఆదాయాన్ని తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలిపి లెక్కిస్తారు. కానీ పిల్లలు తమ శారీరక శ్రమతో గానీ, నైపుణ్యంతో గానీ సంపాదించినదాన్ని అలా కలపరు. అది వారి సొంత సంపాదనే.

సంతకం పెట్టమంటే?

కొన్నిచోట్ల చేరేటప్పుడే కాగితాలు ముందుంచుతారు. ఏడాది దాకా మానకూడదని బాండు, యూనిఫాం కోసం డిపాజిట్, పదో తరగతి ఒరిజినల్ మార్కుల మెమో. ఈ మూడింటికీ జవాబు ఒక్కటే: వద్దు.

భారత ఒప్పందాల చట్టం 1872 ప్రకారం 18 నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఆ సూత్రం ఇప్పటికీ నిలిచే ఉంది. అంటే పిల్లవాడు సంతకం పెట్టిన బాండు చూపించి అతని దగ్గర నష్టపరిహారం వసూలు చేయలేరు. అయితే తండ్రి హామీ సంతకం పెడితే కథ మారుతుంది. తండ్రి మైనరు కాడు కదా. పిల్లల తొలి కొలువులో పెద్దల సంతకం ఎక్కడ అడుగుతున్నారో ఒకటికి రెండుసార్లు చదవాలి.

వయసు నిరూపణకు ఆధార్ ఒక్కటే చాలదు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. బడి ఇచ్చిన సర్టిఫికెట్‌లోని తేదీకే విలువ ఎక్కువ. అందుకే దాని నకలు ఇవ్వండి, అసలు ఇవ్వకండి. అసలు పత్రం యజమాని బీరువాలో ఉంటే పిల్లవాడు మానేయాలనుకున్న రోజు మానేయలేడు. కౌమారుల్ని పెట్టుకున్న యజమాని వారి పేరు, పుట్టిన తేదీ, పనివేళలు, విరామం, పని స్వభావం ఒక రిజిస్టరులో రాయాలి. వారిని పెట్టుకున్న సంగతి కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. ఇవన్నీ చేస్తున్నారా అని అడిగితే చిన్న దుకాణదారు ఆశ్చర్యపోవచ్చు. అడగడంలో తప్పులేదు.

ఫోన్‌లో వచ్చే ‘పార్ట్‌టైమ్ జాబ్’

బజారులో పని వెతుక్కునే పిల్లలకన్నా ఫోన్‌లో వెతుక్కునేవారు ఇప్పుడు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. వాట్సాప్, టెలిగ్రామ్‌లలో వచ్చే ఇంటి నుంచి పని సందేశాల్లో మూడు రకాల మోసాలు పదేపదే కనిపిస్తాయి. వీడియోలకు లైకులు కొడితే డబ్బు ఇస్తామంటారు. మొదట కొంచెం ఇచ్చి నమ్మించి, తర్వాత ‘టాస్క్’ పేరుతో పెట్టుబడి పెట్టిస్తారు. రెండో రకం డేటా ఎంట్రీ. పనంతా చేశాక తప్పులున్నాయని, ఒప్పందం ఉల్లంఘించారని లాయరు నోటీసు పేరిట బెదిరించి డబ్బు గుంజుతారు. మైనరు ఒప్పందం చెల్లదన్న సంగతి తెలిసిన కుటుంబం ఆ బెదిరింపుకు లొంగదు.

మూడోది అన్నిటికన్నా చెడ్డది. ‘నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు వాడుకోనిస్తే కమీషన్ ఇస్తాం’ అంటారు. సైబర్ నేరగాళ్లు దోచిన డబ్బును దాటించడానికి ఇలాంటి ఖాతాలే కావాలి. పిల్లవాడికి అది తేలిక సంపాదనగా కనిపిస్తుంది. పోలీసులకు మాత్రం దోపిడీ సొమ్ము చేరిన మొదటి ఖాతాగా కనిపిస్తుంది. పని ఇచ్చేవాడు ఎప్పుడూ డబ్బు ఇస్తాడు, అడగడు. మన ఖాతా కూడా అడగడు. ఈ రెండు మాటలూ పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. మోసం జరిగితే సైబర్ హెల్ప్‌లైన్ 1930, పిల్లలతో బలవంతంగా పని చేయిస్తుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

అమెరికాలో కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

అక్కడ బడి పిల్లలు పనిచేసి పాకెట్ మనీ సంపాదిస్తారు, మనవాళ్లకు శ్రమ విలువ తెలియదు అనే మాట తరచూ వింటాం. అక్కడ పిల్లలు పనిచేసేది నిజమే. కానీ అక్కడి చట్టం ‘చదువుకుంటున్న పిల్లవాడు’ అనే మనిషిని ముందుపెట్టుకుని రాసింది. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం 14, 15 ఏళ్ల వారు బడి ఉన్న రోజున 3 గంటలు, బడి ఉన్న వారంలో మొత్తం 18 గంటలు మించి పనిచేయకూడదు. బడి వేళల్లో అసలు చేయకూడదు. సాయంత్రం 7 దాకానే పని. వేసవిలో మాత్రం 9 దాకా. బ్రిటన్‌లో బడి వయసు పిల్లలకు బడి రోజున 2 గంటలు, బడి ఉన్న వారంలో 12 గంటలు పరిమితి. స్థానిక కౌన్సిల్ అనుమతి పత్రం కూడా కావాలి.

మన చట్టం రోజుకు గంటలు చెప్పింది గానీ కౌమారుల విషయంలో బడి ఉన్న రోజు, లేని రోజు అన్న తేడా చూపలేదు. బడికి వెళ్లే 16 ఏళ్ల పిల్లవాడికీ, బడి మానేసిన 16 ఏళ్ల పిల్లవాడికీ ఒకటే కొలత. అంతర్జాతీయ కార్మిక సంస్థ కనీస వయసు ఒప్పందాన్ని భారత్ 2017 జూన్‌లో ఆమోదించింది. చదువుకు అడ్డురాని ‘తేలిక పని’ అనే భావన ఆ ఒప్పందంలో ఉంది. మన చట్టంలో విద్యార్థి కార్మికుడికి అలాంటి ప్రత్యేక చోటు లేదు.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో ముఖం ఉంది. హెచ్‌1బీ ఉద్యోగి పిల్లలు హెచ్‌4 వీసా మీద ఉంటారు. బడిలో పక్కన కూర్చునే అమెరికన్ స్నేహితుడు ఐస్‌క్రీమ్ దుకాణంలో చేరగలడు. హెచ్‌4 మీద ఉన్న తెలుగు పిల్లవాడు చేరలేడు. ఆ వీసాదారుల్లో పని అనుమతి దొరికేది కొందరు జీవిత భాగస్వాములకే గానీ పిల్లలకు కాదు. అంటే రాయ్‌పూర్‌లో గడియారం అడ్డు, డల్లాస్‌లో వీసా అడ్డు.

పార్ట్‌టైమ్ ఫుల్‌టైమ్ అవుతుందా?

నాయనమ్మ భయానికి వద్దాం. అది పాతకాలపు భయమని కొట్టిపారేయలేం. ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాల కార్మికుల్ని బడికి చేర్చిన ఎం.వి. ఫౌండేషన్ ఒక సూత్రం మీద నిలబడింది: బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే. ప్రమాదకర పని, ప్రమాదం లేని పని అన్న విభజనను ఆ సంస్థ ఒప్పుకోలేదు. ఏ పనైనా పిల్లల ఎదుగుదలకు చేటేనన్నది దాని వాదన. సంస్థకు నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. 2025లో రాయ్‌పూర్ జిల్లా ఖరోరా దగ్గరి ఒక పుట్టగొడుగుల కర్మాగారం నుంచి పెద్ద సంఖ్యలో బాల కార్మికులను విడిపించారు. పిల్లలతో పని అనగానే అధికారులూ, కార్యకర్తలూ ఉలిక్కిపడటానికి ఇలాంటి అనుభవాలే కారణం.

మరోవైపు పని తెలియకుండా పెరగడం కూడా మేలు కాదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక వృత్తినిపుణుల దగ్గర పని నేర్చుకోవాలంది. కొనేవాడితో మర్యాదగా మాట్లాడటం, చిల్లర లెక్క తప్పకపోవడం, ఎనిమిది మందిలో ఒకడిగా పనిచేయడం తరగతి గదిలో రావు.

ఈ రెంటి మధ్య తేడా పనిలో కన్నా ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందన్న దాంట్లో ఉంది. తొలి జీతం ఫోన్‌కో, పుస్తకాలకో, పొదుపుకో పోయినంత కాలం పిల్లవాడు ఏ రోజైనా మానేయగలడు. అది ఇంటద్దెలో, అప్పు వాయిదాలో భాగమైన రోజు నుంచి మానలేడు. పరీక్షల ముందు వారం సెలవు అడగడానికి జంకుతాడు. తర్వాత హాజరు తగ్గుతుంది. సీబీఎస్‌ఈ బడుల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోవడమే కష్టం. ఎవరూ చదువు మాన్పించరు, చదువే నెమ్మదిగా జారిపోతుంది. ఇంటికి నిజంగా ఆ డబ్బు అవసరమైన కుటుంబాలు ఉన్నాయి. వారికి కావలసింది ఉపన్యాసం కాదు, ఉపకార వేతనం, హాస్టల్ సీటు, పెద్దలకు సరైన కూలి. ఆ బరువు 16 ఏళ్ల భుజం మీద పెట్టకుండా ఉండటానికి ముందు వాటి కోసం ప్రయత్నించాలి.

చేరే ముందు

మళ్లీ ఆ రాయ్‌పూర్ ఇంటికి వెళ్తే, నలుగురూ కూర్చుని దుకాణదారును కలిసే ముందు తేల్చుకోవలసినవి ఇవి. పని ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, 7 లోపు ఇంటికి బయల్దేరతాడా? మధ్యలో గంట విరామం ఉందా? వారంలో సెలవు ఏ రోజు? గంటకు ఎంత పడుతుంది, బ్యాంకులో వేస్తారా? ఏ కాగితం అడుగుతున్నారు? బరువులు, యంత్రాలు, బండి నడపడం వంటివి చెప్పకుండా మధ్యలో తగిలిస్తారా? అక్కడ పెద్దవాళ్లు ఎవరు ఉంటారు, అమ్మాయైతే ఇంటికి ఎలా వస్తుంది?

వీటన్నిటికన్నా ముందు ఒక తేదీ రాసుకోవాలి. పని మొదలుపెట్టే తేదీ అందరికీ గుర్తుంటుంది, ఆపే తేదీ ఎవరూ అనుకోరు. బడి తెరిచే ముందు రోజు ఆఖరి రోజని పిల్లవాడికీ, యజమానికీ ఆరంభంలోనే చెప్పాలి. అప్పుడు అది ఒక వేసవి పని. ఆ మాట చెప్పకపోతే అది ఎప్పుడు బతుకుతెరువుగా మారిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.